మున్షీ సారు నంబరు వేసిన రాజీనామా

పోయిన వారం మా వీధి నల్లాకు నీళ్లు రావడం లేదని ఫిర్యాదు ఇవ్వడానికి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. ఈ ఏడాదిలో అది నా నాలుగో ఫిర్యాదు. బల్ల వెనుక కూర్చున్న అమ్మాయి నన్ను చూడగానే పక్కవాళ్ల వైపు తిరిగి నవ్వు ఆపుకుంది. ఆ సంగతి గుర్తు పెట్టుకున్నాను. నా వంతు కోసం ఎదురుచూస్తుండగా లోపలి గదిలోంచి ఒక చప్పుడు వినిపించింది. ఎవరో గుమస్తా గుండ్రటి రూళ్లకర్రను పెద్ద పుస్తకం మీద దొర్లిస్తూ గీతలు కొడుతున్నాడు. కాగితం మీద కర్ర దొర్లే సన్నటి గరగర, పుస్తకం అంచు దాటి బల్లకు తగిలినప్పుడు చిన్నగా ఒక టక్కు. ఆ చప్పుడు విని ఎన్నో ఏళ్లయింది. అమ్మాయి "తాతా, కాయిదం ఇట్లియ్యి" అని రెండుసార్లు పిలిచిందట. నాకు వినపడలేదు. నా కళ్ల ముందు మున్షీ సారు చేతులు ఆడుతున్నాయి. సిరా మరకలతో, ఎప్పుడూ తొందరపడని ఆ చేతులు.

ఆయన పేరు కిషన్‌రావు. అందరూ మున్షీ సారు అనేవాళ్లు. మక్తల్ దగ్గర ఒక ఊళ్లో, ఊరి పెద్దల కమిటీ నడిపే బడిలో ఆయన ఉర్దూ పంతులు. ఆ ఊరి పేరు రాయను. జరిగినదాంట్లో ఊరివాళ్ల తప్పేమీ లేదు. నేను అక్కడికి వెళ్లేనాటికి చదువులు ఉర్దూ నుంచి తెలుగులోకి మారిపోయి కొన్నేళ్లయింది. మున్షీ సారు తరగతిలో ఏడుగురే పిల్లలు మిగిలారు. మిగతా పొద్దంతా ఆయన్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి రాతపని చేయించుకునేవారు. ఆయన తెలుగు అక్షరాలు నడివయసులో నేర్చుకున్నాడు. అందుకే ఆయన తెలుగు రాత కూడా ఉర్దూ లాగే ఒక పక్కకు ఒరిగి ఉండేది. ఉద్యోగం చేయాల్సిన వయసు దాటిపోయింది. ఏడాదికోసారి హెడ్మాస్టరు సిఫారసు చేస్తే, కమిటీ ఇంకో ఏడాది పొడిగించేది. ఇది గుర్తుంచుకోవాలి. ఆయన గురించి రాసేటప్పుడు ఇది మరిచిపోతే ఆయనకు అన్యాయం చేసినట్టే.

హెడ్మాస్టరు భుజంగరావు. మొదటి రోజే నా ట్రైనింగ్ సర్టిఫికెట్ అసలుది తీసుకుని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు. "అందరివీ గీడనే ఉంటయి. భద్రంగుంటయి" అన్నాడు. అక్కడ అదే పద్ధతి. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మా ఇంటి నుంచి, ఆ మాటకొస్తే మా వీధి మొత్తం నుంచి ట్రైనింగ్ పాసైన మొదటివాణ్ణి నేనే. ఆ కాగితం మీద రాజముద్ర ఉన్న చోట మా బాపు వేలితో తడిమి చూశాడు. అది బీరువాలోకి వెళ్తున్నప్పుడు నాకు కొంచెం గర్వంగానే అనిపించింది. బీరువాలో పెట్టి తాళం వేయాల్సినంత ఖరీదైన వస్తువు నా దగ్గర ఉందని కాబోలు.

తర్వాత ఆయన నన్ను వరండాలో మిగతా పంతుళ్ల ముందు నిలబెట్టి అడిగాడు.

"ఏ ఊరయ్యా మీది?"

"గుట్ట దగ్గర సార్. నల్లగొండ జిల్లా."

"మీ బాపు ఏం జేస్తడు?"

"మగ్గం నేస్తడు సార్."

ఆయన చప్రాసీని పిలిచాడు. "మూడో తరగతిల ఉన్న కుర్చీ తీసి లోపలవెట్టు. ఈ సారోళ్ల ఇంట్ల అందరు గుంతల కాళ్లు వెట్టి కూసునేటోళ్లు. కుర్చీల కూసుంటే నడుము నొస్తది పాపం."

అందరూ నవ్వారు. మా ఇళ్లల్లో మగ్గం కింద గుంత ఉంటుంది. నేసేవాడు గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపల తొక్కుడు చెక్కల మీద పెడతాడు. మా బాపు నలభై ఏళ్లు అలా కూర్చుని నేసిన బట్టను ఆ నవ్విన వాళ్లలో ఎవరో ఒకరు కట్టుకునే ఉంటారు. ఆ బడిలో నేను పనిచేసిన రెండేళ్ల నాలుగు నెలలూ నా తరగతిలో కుర్చీ లేదు. అడిగితే ఇచ్చేవాడేమో. నేను అడగలేదు. ఒకసారి జ్వరంతో కళ్లు తిరుగుతున్నా గోడకు ఆనుకుని పాఠం చెప్పాను తప్ప, కుర్చీ కావాలని ఆ మనిషిని అడగలేదు. మొండితనమంటే మొండితనమే. దాన్ని నేను ఎప్పుడూ కాదనలేదు.

ఆయన పద్ధతులు చెప్పాలంటే ఒక పుస్తకం పడుతుంది. నేను లెక్కలు చెబుతుంటే కిటికీ బయట నిలబడి వినేవాడు. పాఠం మధ్యలో తాళాల గుత్తితో ఊచల మీద కొట్టి, "గది తప్పు" అని వెళ్లిపోయేవాడు. ఏది తప్పో చెప్పేవాడు కాదు. పిల్లలు నా వైపు చూసేవాళ్లు. నేను బోర్డు మీద లెక్క మళ్లీ మొదటి నుంచి చేసి చూపేవాణ్ణి. ఒక్కసారి కూడా తప్పు దొరకలేదు. ఒక్కసారి కూడా ఆయన వెనక్కి వచ్చి ఒప్పుకోలేదు. రాత్రి పడుకుంటే ఆ తాళాల గుత్తి చెవుల్లో మోగేది. బడి గంట వినగానే అన్నం సహించేది కాదు. ఇరవై నాలుగేళ్లవాణ్ణి, ముసలివాడిలా మెట్లెక్కేవాణ్ణి. ఇవన్నీ పక్కన పెడతాను. అసలు సంగతి సెలవు ఉత్తరం.

రెండో ఏడు ఎండాకాలం మొదట్లో ఊరి నుంచి కార్డు వచ్చింది. బాపుకు ఒంట్లో బాగాలేదు, వెంటనే రమ్మని. సెలవు కోరుతూ ఉత్తరం రాసి ఆఫీసు గదిలో హెడ్మాస్టరు చేతికే ఇచ్చాను. సెలవు ఉత్తరాలు తన చేతికే ఇవ్వాలని ఆయన నియమం. ఆయన మడత విప్పి చదివి, తలూపి, జేబులో పెట్టుకున్నాడు. పక్క బల్ల దగ్గర మున్షీ సారు గీతలు కొడుతున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. "జల్దీ పో బిడ్డా, బస్సు దొరకదు" అన్నాడు. నేను వెళ్లాను. నేను ఊరు చేరిన మూడో రోజు బాపు పోయాడు.

పదకొండో రోజు కార్యం ముగించుకుని గుండుతో తిరిగి వచ్చాను. హెడ్మాస్టరు అందరినీ ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"చెప్పకుండ పోయి ఇన్ని దినాలు యాడ తిరిగినవయ్యా?"

"ఉత్తరం ఇచ్చిపోయిన సార్. మీ చేతికే ఇచ్చిన."

"నాకే ఉత్తరం అందలే."

"సార్, మా బాపు చచ్చిపోయిండు." నా తల చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. ఇప్పటికీ దానికి సిగ్గుపడతాను.

"గుండు లీవ్ లెటర్ అయితదా?" అన్నాడు ఆయన. ఎవరో ఒకరు నవ్వారు. ఎవరో నాకు తెలుసు, కానీ ఆయన పోయాడు, పేరెందుకు. నేను మున్షీ సారు వైపు తిరిగాను. ఉత్తరం చేతులు మారడం ఆయన ఒక్కడే చూశాడు. ఒక్క మాట చాలు. ఆయన కలం పాళీని వెలుతురుకు పట్టుకుని, దానికి ఏదో అంటుకున్నట్టు చాలాసేపు చూస్తూ ఉన్నాడు. పాళీకి ఏమీ అంటుకోలేదు. నేను అక్కడే ఉన్నాను, చూశాను.

ఆ ఆదివారం పొద్దున ఆయన నా కిరాయి అర్రకు వచ్చాడు. చేతిలో గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, కొంచెం పచ్చిపులుసు. నేను కూర్చోమనలేదు. ఆయనే గడప మీద కూర్చున్నాడు. క్షమించమని అడగలేదు. ఆ రోజు మాటే ఎత్తలేదు. కాసేపు వీధిలోకి చూసి, "రేపటి సంది ఏ కాయిదమైనా ఆయన చేతికియ్యకు. నాకియ్యి" అన్నాడు.

"మీకిస్తే ఏమైతది?"

"నంబరైతది."

ఆయన దగ్గర ఆవక్ బుక్ అని ఒకటి ఉండేది. బడికి వచ్చే ప్రతి కాగితాన్నీ రాసుకునే పెద్ద పుస్తకం. తారీఖు, ఎవరు పంపారు, దేని గురించి, దానికి ఏం జవాబు వెళ్లింది. పేజీలకు ముందే అచ్చు సంఖ్యలు ఉండేవి, ఒకటి చించితే తెలిసిపోతుంది. మున్షీ సారు పద్ధతేమిటంటే, కాగితం చేతికి రాగానే ముందు నంబరు వేసేవాడు. తర్వాతే చదివేవాడు. చదివాక ఒక్క వరుసలో విషయం రాసి, నంబరు వేసిన చిన్న చీటీ ఇచ్చినవాడి చేతిలో పెట్టేవాడు. "చదివినంక నంబరేద్దమంటే మనసు పరిపరి విధాల పోతది బిడ్డా. ఇది వెయ్యాల్నా వద్దా, పెద్దసారు ఏమంటడో... గిట్ల. అందుకే ముందు నంబరు. ఒకసారి నంబరు పడ్డదంటే ఆ కాయిదం పుట్టినట్టే. ఇంక దాన్ని ఎవ్వడు లేదనలేడు."

"ఈ మాట నాకు మొన్ననే చెప్పుంటే?"

ఆయన లేచి నిలబడ్డాడు. రొట్టెలు గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను తిన్నాను. ఆకలి అయింది కాబట్టి తిన్నాను. క్షమించి కాదు.

ఆ రోజు నుంచి నేను మనిషి మారిపోయాననే చెప్పాలి. సుద్దముక్కలు కావాలన్నా, నా తరగతి పైకప్పు కురుస్తోందన్నా నోటితో చెప్పడం మానేశాను. కాగితం రాసి మున్షీ సారు బల్ల మీద పెట్టేవాణ్ణి. కర్ర దొర్లేది, నంబరు పడేది, చీటీ నా జేబులోకి వచ్చేది. హెడ్మాస్టరు పళ్లు కొరికేవాడు. "ఈ సారు పాఠాలు చెప్పనొచ్చిండా, దావా వెయ్యనొచ్చిండా?" అని వరండాలో గట్టిగా అనేవాడు. కిటికీ ఊచల మీద తాళాల మోత ఎక్కువైంది. నా మీద కోపం పిల్లల మీద తీర్చుకునేవాడు, అదొక్కటే నన్ను బాధించింది. ఒక పిల్లవాణ్ణి నా లెక్క సరిగ్గా చేసినందుకే చెవి మెలిపెట్టాడు. ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఈ మనిషి కింద ఇంకో ఏడాది పనిచేస్తే నాలో పంతులు అనేవాడు చచ్చిపోతాడు, చీటీలు దాచుకునేవాడు ఒక్కడే మిగులుతాడు.

అప్పట్లో నందికొండ దగ్గర డ్యాం పని జోరుగా సాగుతోంది. పనివాళ్ల పిల్లల కోసం అక్కడి కాలనీలో బడి పెట్టారు. లెక్కల పంతులు కావాలని తెలిసి దరఖాస్తు పంపాను. రమ్మని జవాబు వచ్చింది. నెలాఖరులోగా అసలు సర్టిఫికెట్‌తో రావాలి, లేకపోతే వేరొకరిని తీసుకుంటామని అందులో ఉంది. ఇక్కడ రాజీనామా ఇచ్చి, బీరువాలోంచి నా కాగితం తీసుకుని వెళ్లాలి. అంతే పని. అంతే అనుకున్నాను.

రాజీనామా రాయడానికి రెండు రోజులు కూర్చున్నాను. ఆరు పేజీలు అయింది. కుర్చీ నుంచి మొదలుపెట్టి ఏదీ వదల్లేదు. మున్షీ సారు ఇంటికి తీసుకెళ్లి చూడమన్నాను. ఆయన కళ్లద్దాలు ముక్కు చివరకు జార్చుకుని, పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టాడు. నాలుగో పేజీ దగ్గర పెదవులు ఆగిపోయాయి. అక్కడ ఆయన కలం పాళీ గురించి రాసి ఉంది. మరచిపోయి ఉంచింది కాదు. చదవాలనే ఉంచాను.

ఆయన కళ్లద్దాలు తీసి ధోవతి అంచుతో తుడుచుకున్నాడు. "ఇది నిజమే" అన్నాడు. "కానీ పెద్దసారుకు రాసే కాయిదంల నా తప్పెందుకు? నా మీద వేరే రాయి. నంబరేసి తీసుకుంట."

"రాయను. మీకు తెల్వాలె, తెలిసింది."

ఆయన తలూపాడు. తర్వాత ఆరు పేజీలూ నా ముందుకు జరిపాడు. "ఇందుల కోపం తీసెయ్యి."

"తీసేస్తే ఏం మిగులుతది సార్?"

"చూద్దం, తియ్యి. ఆయన రాక్షసుడని రాసినవు, కొట్టెయ్యి. రాక్షసుడైతే ఏంది, కాకుంటే ఏంది. నీ కడుపుల మండిందని రాసినవు, కొట్టెయ్యి. కమిటీవాళ్లకు నీ కడుపుతోని పనేంది? నువ్వు కండ్లార చూసింది, చెవులార విన్నది ఉంచు."

ఒక్కో మాటకీ నేను కొట్లాడాను. ఆయన ఇంట్లో దీపం పెట్టే వేళకు నాలుగు వాక్యాలు మిగిలాయి. అవి నాకు ఈనాటికీ కంఠతా వచ్చు. "మా తండ్రిగారి జబ్బు కారణంగా సెలవు కోరుతూ నేను ఇచ్చిన ఉత్తరాన్ని హెడ్మాస్టరు గారు స్వయంగా తీసుకున్నారు. తర్వాత అది అందలేదని సిబ్బంది అందరి ముందు చెప్పారు. అటువంటి అధికారి కింద పనిచేయలేను. కనుక నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను." ఆరు పేజీల కంటే ఆ నాలుగు వాక్యాలు ఎంత బరువుగా ఉన్నాయో చూసి నాకే భయం వేసింది.

మర్నాడు నంబరు పడింది. హెడ్మాస్టరు చదివి, చిరునవ్వు నవ్వాడు. ఆయన నవ్వితే ఇంకా ప్రమాదం.

"అంజయ్యా, రాజీనామా ఎట్ల రాస్తరో తెల్వదా? సొంత కారణాల వల్ల అని రాస్తరు. గట్ల రాసుకరా. సర్టిఫికెట్ గిప్పుడే ఇస్త."

"సొంత కారణం ఏం లేదు సార్. కారణం మీరే."

"అయితే సర్టిఫికెట్ కూడ లేదు."

బయటికి వచ్చాక మున్షీ సారు నన్ను బావి దగ్గరికి లాక్కెళ్లాడు. ఎప్పుడూ తొందరపడని మనిషి ఆ రోజు వగర్చాడు. "రాసెయ్యి బిడ్డా. సొంత కారణం అని రాసెయ్యి. నందికొండ నౌకరి పోతది. నెలాఖరు ఎంత దూరముంది? నీ నౌకరి మీదనే మీ ఇల్లు నడుస్తాంది."

"మీరే గద సార్ నేర్పిచ్చింది, చూసిందే రాయమని. సొంత కారణం నేను చూడలే."

"నేను నేర్పినదంత గిట్ల పట్టుకుంటవని తెలిస్తే ఉర్దూ నేర్పుతుంటి గదనయ్యా" అని ఆయన నుదురు కొట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ బడిలో నేను నవ్విన కొద్దిసార్లలో అదొకటి.

ఆ రోజు నుంచి రోజుకొక ఉత్తరం ఇచ్చాను. ప్రతి ఉత్తరంలో ఒకే వాక్యం: నా సర్టిఫికెట్ నాకు ఇప్పించగలరు. రోజూ పాఠాలు చెప్పి, సాయంత్రం గంట కొట్టాక ఆఫీసు గదిలోకి వెళ్లి మున్షీ సారు బల్ల మీద పెట్టేవాణ్ణి. ఆయన నా ముఖం చూసేవాడు కాదు. నంబరు వేసేవాడు, విషయం రాసేవాడు, చీటీ ఇచ్చేవాడు. జవాబు రాసే గడి ఖాళీగా ఉండేది. కర్రతో గీసిన తిన్నటి గీతల మధ్య ఒకదాని కింద ఒకటి ఖాళీ గళ్లు. ఎనిమిది అయ్యాయి. ఈ ఎనిమిది, రాజీనామాతో కలిపి తొమ్మిది. నెలాఖరుకు ఇంక ఆరు రోజులే ఉన్నాయి. అమ్మకు ఏమని రాయాలో తెలియక కార్డు కొని ఖాళీగా పెట్టుకున్నాను. సొంత కారణాల వల్ల అని రాస్తే పోయేదేముంది అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ప్రశ్నించుకున్న ప్రతిసారీ గుండు గురించిన ఆ మాట చెవిలో వినపడేది. రాస్తే ఆ మాట ఎవరూ అననట్టే అవుతుంది. బాపు జబ్బు పడనట్టే, నేను ఉత్తరం ఇవ్వనట్టే అవుతుంది. రాయలేదు.

అంతలో తనిఖీకి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. ఆ ఇన్‌స్పెక్టరుకు ఒక అలవాటుందని జిల్లా అంతా చెప్పుకునేవారు. తరగతులకు పోకముందే ఆవక్ బుక్ తెప్పించుకుని, జవాబుల గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపేవాడట. వేలు ఖాళీ గడి దగ్గర ఆగితే ఎందుకని అడిగేవాడట. ఒక బడిలో పనిచేసే పంతులు తన సొంత సర్టిఫికెట్ కోసం ఎనిమిది ఉత్తరాలు రాశాడు, ఒక్కదానికీ జవాబు లేదు. దానికి హెడ్మాస్టరు దగ్గర సమాధానం లేదు.

ఆ రోజు నేను ఉత్తరంతో ఆఫీసు గది గుమ్మంలో ఉన్నాను. లోపల హెడ్మాస్టరు కొత్త ఆవక్ బుక్ ఒకటి మున్షీ సారు బల్ల మీద పడేశాడు.

"పాతదాని అట్ట చినిగింది. అంత ఇందులకు దింపు. పనికిరానివి వదిలెయ్యి."

"ఏవి పనికిరావు సాబ్?"

"నీకు తెల్వదా?"

మున్షీ సారు కొత్త పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ అరచేత్తో చదును చేశాడు. కర్ర తీసి ఒక గీత కొట్టాడు. ఆయన వేళ్లు వణుకుతుండటం గుమ్మంలోంచి కూడా కనపడింది. "దింపమంటే దింపుత సాబ్. కానీ ఉన్నదంత దింపుత. గా తొమ్మిది గూడ దింపుత."

"మున్షీ, నీ ఎక్స్‌టెన్షన్ కాయిదం నా టేబుల్ మీద ఉన్నది. యాదికున్నదా?"

"ఉన్నది సాబ్. నంబరేసి ఆడ వెట్టింది నేనే."

హెడ్మాస్టరు ముఖం ముడుచుకుంది. గుమ్మంలో నన్ను చూశాడు. నేను లోపలికి వెళ్లి పదో కాగితం మున్షీ సారు బల్ల మీద పెట్టాను. మున్షీ సారు దాన్ని అందుకున్నాడు. హెడ్మాస్టరు చూస్తుండగానే, చదవకుండానే నంబరు వేశాడు.

తాళాల గుత్తి మోగింది. ఈసారి ఊచల మీద కాదు, బీరువా మీద. నా సర్టిఫికెట్ బల్ల మీదికి విసిరాడు. అది జారి కింద పడింది. నేను వంగలేదు. "రిలీవింగ్ ఆర్డరు కూడ కావాలె సార్. నా రాజీనామా నంబరు వేసి, ఆ కాయిదం ప్రకారం రిలీవ్ చేస్తున్నమని రాయాలె" అన్నాను. ఆయన నా కళ్లలోకి చూశాడు. నేనూ చూశాను. చివరికి రాసి సంతకం పెట్టాడు. అప్పుడు వంగి సర్టిఫికెట్ తీసుకుని, దుమ్ము దులిపి, మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టుకున్నాను. మున్షీ సారు జవాబుల గడిలో పైనుంచి కిందిదాకా "ఇవ్వబడినది" అని రాసుకుంటూ వస్తున్నాడు. "వస్త సార్" అన్నాను. ఆయన తలెత్తకుండానే "మంచిది బిడ్డా, మంచిగ పో" అన్నాడు. నేను కృతజ్ఞత చెప్పలేదు. కలం పాళీ ఇంకా నా మనసులోంచి పోలేదు. మిట్టమధ్యాహ్నం, పిల్లలందరూ కిటికీల్లోంచి చూస్తుండగా బడి ముందు మైదానం మధ్యలోంచి నడిచి వెళ్లాను. పక్కదారి ఉంది. దాంట్లోంచి పోలేదు.

ఆ ఏడాది ఆయనకు పొడిగింపు రాలేదు. నాకు ఆ సంగతి చాలా ఆలస్యంగా, నందికొండలో కుదురుకున్నాక తెలిసింది. తెలిశాక కూడా నేను వెళ్లడానికి మూడేళ్లు పట్టింది. ఎందుకు పట్టిందంటే, నా స్వభావం అంతే. మక్తల్‌లో కచ్చేరి ముందు, ఒక పాత తడక కింద చిన్న బల్ల వేసుకుని ఆయన జనాలకు దరఖాస్తులు రాసి పెడుతున్నాడు. ఒక పెద్దమ్మ ఏడుస్తూ తన మరిది గురించి చెబుతోంది. "ఏడుపు తర్వాత అవ్వా. జాగ ఎంత, ఎప్పటి సంది దున్నుతున్నడు, గది చెప్పు" అంటున్నాడు. నేను పక్కన నిలబడి ఆమె పని అయ్యేదాకా ఆగాను.

నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చాయ్ తెప్పించాడు. నేను వెళ్లింది ఒక్క మాట అడగడానికే, అడిగాను. "ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు సార్? ఉత్తరం ఇస్తుంటే మీరు చూసిన్రు గదా."

ఆయన వెంటనే జవాబిచ్చాడు. ఇన్నేళ్లూ దానికోసమే కూర్చున్నట్టు. "భయపడ్డ."

ఇంకేమైనా చెబుతాడని చూశాను. ముసలితనం అనో, సంసారం అనో. చెప్పలేదు. నేనే అడగాల్సి వచ్చింది. "మరి ఆ పుస్తకం దగ్గర?"

"గప్పుడు గూడ భయపడ్డ. నువ్వు చూస్తనే ఉన్నవు గద, చేతులు వణకలే?" చాయ్ సాసరులో పోసుకుని ఊదాడు. "నోటితోని చెప్పాలంటే నాకు ధైర్నం గావాలె. రాతపనైతే అలవాటు. అలవాటు మీద అయిపోయింది."

నా జీవితంలో నన్ను అవమానించినవాళ్ల పేర్లన్నీ వరసగా చెప్పగలను. వాళ్లలో తప్పు ఒప్పుకున్నవాడు ఆయన ఒక్కడే. అప్పుడు నేను అడిగాను, నా మీద కోపం లేదా అని, నా మూలంగానే ఆయన ఉద్యోగం పోయింది కదా అని. "ఉన్నది" అన్నాడు. "సొంత కారణం అని రాసుంటే ఇద్దరికీ నౌకరీలు ఉంటుండె." తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. అంతకు మించి మా మధ్య మాటలు జరగలేదు. ఆ తర్వాత మళ్లీ ఆయన్ని చూడలేదు. పోయాడన్న కబురు కూడా ఎవరో దారిలో చెబితే విన్నాను.

ఆయన నాకు ధైర్యం నేర్పాడని అనేవాళ్లున్నారు, నా మాటలు విని. కాదు. ధైర్యం లేనివాడు కూడా తన చేతిలో ఉన్న పని సరిగ్గా చేస్తే ఎంత దూరం పోగలడో చూపించాడు. నాకు అది ధైర్యం కంటే ఎక్కువ పనికొచ్చింది. తర్వాత నేను కూడా చాలా ఏళ్లు హెడ్మాస్టరుగా చేశాను. ఎవరి అసలు కాగితాలూ నా బీరువాలో పెట్టుకోలేదు. ప్రతి తరగతిలో కుర్చీ ఉండేది. అంతవరకు చెప్పుకోవడానికి బాగానే ఉంది.

ఒకసారి సుశీల అనే చిన్న పంతులమ్మ రాజీనామా తెచ్చింది. అందరిలాగే సొంత కారణాల వల్ల అని రాసింది. నాకు ఎందుకో ఊరుకోబుద్ధి కాలేదు. "అసలు కారణం రాయమ్మా. ఏదైనా సరే, నేను తీసుకుంట" అన్నాను. ఆమె నిలబడే, నా బల్ల మీదే, నా కలంతోనే ఇంకో కాగితం రాసి ఇచ్చింది. హెడ్మాస్టరు గారు పిల్లల ముందు నా పాఠంలో తప్పులు పట్టి రెండుసార్లు ఎగతాళి చేశారు, అందువల్ల పనిచేయలేను అని ఉంది. రెండుసార్లూ ఏమేం అన్నానో కూడా రాసింది. ఒక్క మాట ఎక్కువ లేదు. నా చెవులు వేడెక్కాయి. పిల్లలకు తప్పు చెబుతుంటే దిద్దడం ఎగతాళి ఎట్లా అవుతుందని అడగబోయాను. కమిటీ చూస్తుంది, పై అధికారులు చూస్తారు అని కూడా తోచింది. ఆమె నా చేతివైపు చూస్తోంది.

నంబరు వేశాను. చీటీ రాసి ఇచ్చాను. ఆమె రాసింది నిజమని నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ కాగితం నాకు అందిందా అని ఎవరు, ఎప్పుడు అడిగినా, అందింది అంటాను.